వెనక ప్రొపెల్లర్ లేని పడవ: ఇంటిల్లిపాదికీ సరిపోతుందా?

పడవ కొనడానికి వెళ్ళినవాళ్ళు సాధారణంగా ముందువైపు నుంచి చూడడం మొదలుపెడతారు. ముక్కు ఎంత కోసుగా ఉంది, సీట్ల కుట్టుపని ఎలా ఉంది, స్టీరింగ్ దగ్గర తెర ఎంత పెద్దది అని ఆరా తీస్తారు. జెట్‌తో, అంటే ప్రొపెల్లర్‌కు బదులు నీటిని వెనక్కి చిమ్ముతూ నడిచే సెంటర్ కన్సోల్ బోటును (నడిపే చోటు మధ్యలో ఉండే పడవను) మాత్రం వెనక నుంచి చూడాలి. పడవవాళ్ళ భాషలో ఆ వెనక భాగం పేరు అమరం. మామూలు బోటుకైతే అక్కడ అవుట్‌బోర్డ్ మోటారు వేలాడుతూ ఉంటుంది. జెట్ బోటుకు ఆ చోట, నీటికి కాస్త పైగా, వెడల్పాటి అరుగు ఉంటుంది. పిల్లలు కాళ్ళు నీళ్ళలో వేలాడేసి కూర్చునేది దాని మీదే, ఈతకు దూకేదీ తిరిగి ఎక్కేదీ దాని మీది నుంచే. ఈ పడవకున్న మంచి గుణాల్లో సగం ఆ అరుగు చలవే. చెడ్డ గుణాల్లో సగం దాని కింద దాగి ఉన్న యంత్రానివి.

ఆగి ఉన్నప్పుడు ఇంటిల్లిపాదికీ ఇంత సుఖం ఇచ్చే పడవ మరొకటి లేదనే చెప్పాలి. వేగంగా వెళ్ళేటప్పుడూ పెద్దగా పేచీ పెట్టదు. నెమ్మదిగా నడపాలంటేనే మొండికేస్తుంది. అందుకే ఇంజిన్ సామర్థ్యం కంటే ముందు మీ రోజును లెక్కపెట్టుకోండి. నీటి మీద గడిపే ఆరు గంటల్లో పడవ ఎన్ని గంటలు ఆగి ఉంటుంది, ఎన్ని గంటలు పరుగెడుతుంది, ఎన్ని గంటలు పాకుతుంది? ఈ లెక్క తేలితే మిగతా ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దొరికినట్టే.

నీటిని మింగి వెనక్కి చిమ్మడం

పడవ అడుగున, వెనక భాగానికి దగ్గరగా, కమ్మీలు బిగించిన ఒక నోరు ఉంటుంది. ఇంజిన్ తిప్పే ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం ఆ నోటి గుండా నీటిని సొరంగం లాంటి గొట్టంలోకి లాగుతుంది. ఇంపెల్లర్ దాటిన నీరు మెలికలు తిరుగుతూ వస్తుంది కాబట్టి, దాని వెనక బిగించిన కదలని రేకులు ఆ మెలికను విప్పి నీటిని తిన్నగా పంపుతాయి. ఆ తర్వాత గొట్టం సన్నబడుతుంది. మొక్కలకు నీళ్ళు పెట్టేటప్పుడు గొట్టం చివర బొటనవేలు అడ్డం పెడితే ధార ఎలా దూసుకుపోతుందో ఇక్కడా అంతే. నీరు వెనక్కి దూసుకుపోతే పడవ ముందుకు వెళుతుంది.

ఆలోచన కొత్తదేమీ కాదు. జేమ్స్ రమ్సీ అనే అమెరికన్ 1787లోనే ఆవిరి యంత్రంతో నీటిని వెనక్కి చిమ్మి పోటోమాక్ నదిలో పడవ నడిపి చూపించాడు. ఓడల ప్రొపెల్లర్‌కు పేటెంట్లు వచ్చింది ఆ తర్వాత సుమారు యాభై ఏళ్ళకు, 1836లో. అయినా ప్రొపెల్లరే గెలిచింది, ఎందుకంటే తక్కువ వేగంలో అది ఇంజిన్ బలాన్ని పొదుపుగా వాడుకుంటుంది. జెట్‌ను నిజంగా పనికొచ్చేలా చేసినవాడు న్యూజిలాండ్‌కు చెందిన ఇంజినీరు, పశుపోషకుడు బిల్ హామిల్టన్. అక్కడి దక్షిణ దీవిలో నదులు పాయలుగా చీలి, గులకరాళ్ళ మీద చీలమండ లోతున పారుతుంటాయి. వాటిలో ప్రొపెల్లర్ విరగకుండా వెళ్ళడం కుదరదు. 1954లో ఆయన తన జెట్ పడవలు తయారు చేయడం మొదలుపెట్టాడు. చిమ్మే గొట్టాన్ని నీటి కింద కాక నీటి మట్టానికి పైన అమర్చాక వేగం బాగా పెరిగింది. 1960లో ఆయన జెట్ పడవలు గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నదికి ఎదురీది పైకి వెళ్ళాయి.

ఈ కథ చెప్పడానికి కారణముంది. జెట్ పుట్టింది లోతులేని నీళ్ళలో వేగంగా వెళ్ళడానికి. రేవులో మెల్లగా పార్క్ చేయడానికి కాదు, ఒకే వేగంతో నిదానంగా గాలం లాగుతూ తిరగడానికీ కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి దాన్ని ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

థ్రాటిల్ వదిలితే స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే

జెట్ బోటుకు నీటిలో చుక్కాని ఉండదు. స్టీరింగ్ తిప్పితే వెనక నీరు చిమ్మే మూతి పక్కకు తిరుగుతుంది, ధార దిశ మారుతుంది, దానితో పడవ తిరుగుతుంది. అంటే ధార ఉంటేనే మలుపు. ఇంజిన్ వేగాన్ని పెంచి తగ్గించే పిడిని, అంటే థ్రాటిల్‌ను, పూర్తిగా తగ్గించారంటే ధార ఆగిపోతుంది, పడవ మాత్రం ఊపు మీద తిన్నగా పోతూనే ఉంటుంది.

మొదటిసారి జెట్ బోటు నడిపినప్పుడు నేను చేసిన తప్పు దాదాపు అందరూ చేసేదే. రేవు దగ్గరపడుతోంది, కొంచెం వేగంగా వస్తున్నానని అనిపించింది. కారు నడిపిన అలవాటు కొద్దీ థ్రాటిల్ మొత్తం వెనక్కి లాగి స్టీరింగ్ ఎడమకు తిప్పాను. స్టీరింగ్ తిరిగింది, పడవ తిరగలేదు. ఎదురుగా ఉన్న చెక్క గుంజ అదే చోట నిలబడి అంతకంతకూ పెద్దదవుతోంది. పక్కన కూర్చున్న పెద్దాయన తాపీగా, ‘కాస్త నీళ్ళు చిమ్మించండి, అప్పుడే మాట వింటుంది’ అన్నాడు. ఆపద ముంచుకొస్తుంటే థ్రాటిల్ పెంచడానికి చెయ్యి రాదు. కానీ జెట్ బోటులో తప్పించుకునే దారి అదే. స్టీరింగ్ తిప్పి, థ్రాటిల్ పెంచాలి. ఇది చదివి నేర్చుకునే విషయం కాదు. ఖాళీ నీళ్ళలో, ఒక తేలే బుంగను గుర్తుగా పెట్టుకుని, చెయ్యి తనంతట తాను చేసేదాకా సాధన చేయాల్సిందే. ఇంట్లో ఎవరెవరు బోటు నడపబోతున్నారో వాళ్ళందరూ చేయాలి.

దీనికి తోడు చాలా జెట్ బోట్లలో గేర్‌బాక్సు ఉండదు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది. వెనక్కి వెళ్ళాలంటే మూతి వెనక ఒక దొప్ప కిందికి దిగి, ధారను ముందువైపుకు మళ్ళిస్తుంది. న్యూట్రల్ అనేది ఆ దొప్ప సగంలో నిలిచి, ముందుకూ వెనక్కూ వెళ్ళే ధారలు ఒకదానినొకటి సరిపెట్టుకునే స్థితి. ఆ తూకం ఎప్పుడూ సరిగ్గా కుదరదు. పడవ ఆగినట్టే ఉంటుంది కానీ అంగుళం అంగుళం జరుగుతూ ఉంటుంది. పక్కగాలి వీచిందంటే ఇంకా తేలిగ్గా కొట్టుకుపోతుంది, ఎందుకంటే కింద నీటిని పట్టుకుని నిలిపే మోటారు కాలు లేదు.

తయారీదారులు ఈ లోపాన్ని గుర్తించకపోలేదు. కొన్ని నమూనాలలో మూతి వెనక చిన్న రెక్కలాంటి పలక అమర్చారు. అది మూతితో పాటు తిరుగుతూ, ధార లేనప్పుడు కూడా చుక్కానిలా కొంత పనిచేస్తుంది. రేవుల్లో వాడుకోవడానికి వేగాన్ని కట్టడిలో ఉంచే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు కూడా వచ్చాయి. ఇవి నిజంగానే తేడా చూపిస్తాయి. అమ్మేవాళ్ళు వర్ణించినంత తేడా కాదు. పడవ చూడడానికి వెళ్ళినప్పుడు ఆ పలక ఉందో లేదో వంగి చూడండి. లేకపోతే రేవులో కష్టాన్ని కూడా ధరలో కలుపుకోండి.

ప్రొపెల్లర్ లేదు కాబట్టి ప్రమాదం లేదా?

పిల్లలున్న ఇళ్ళలో జెట్ వైపు మొగ్గడానికి మొదటి కారణం ఇదే. బయట తిరిగే రెక్కలు లేవు. నీళ్ళలో పడ్డ పిల్లవాడి మీదికి పడవ వెనక్కి జరిగితే ప్రొపెల్లర్ చేసే గాయం ఎంత ఘోరమో తెలిసినవాళ్ళకు ఈ ఒక్క కారణం చాలు. ఆ వాదనతో నాకు పేచీ లేదు. అయితే ప్రమాదం పోలేదు, రూపం మార్చుకుంది.

కింద ఉన్న నోరు పీల్చే బలం చిన్నది కాదు. పొడవాటి జుట్టు, వదులైన బట్టలు, లైఫ్ జాకెట్ పట్టీలు, బోటు వెనక కట్టిన తాడు దగ్గరికొస్తే లోపలికి లాగేస్తుంది. వెనక చిమ్మే ధార సంగతి చాలామందికి తెలియదు. చాలా దగ్గర నుంచి ఆ ధార శరీరానికి తగిలితే నీరు ఒంట్లోకి చొచ్చుకుపోయి లోపలి అవయవాలను గాయపరుస్తుంది. వాటర్ స్కూటర్ల మీద మామూలు ఈత దుస్తులు చాలవు, రబ్బరు లాంటి మందపాటి నియోప్రీన్ దుస్తులు వేసుకోమని హెచ్చరిక అంటించేది ఇందుకే. మూడోది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. ఇంజిన్ పొగ బయటికొచ్చేది కూడా వెనక నుంచే. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ‘పాట ఆగిపోకూడదు’ అంటూ పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టే అలవాటు మామూలు అలవాటు కాదు, ప్రాణాంతకమైనది.

ఈ మూడింటికీ మందు ఒక్కటే. అమరం దగ్గర మనిషి ఉంటే ఇంజిన్ ఆగి ఉండాలి, తాళంచెవి తీసి ఉండాలి. మా ఇంట్లో పాటించే పద్ధతి ఇంకా సులువు. తాళంచెవి నీళ్ళలోకి దిగేవాళ్ళలో పెద్దవారి చేతికి వెళుతుంది. వాళ్ళు పైకెక్కి ఇచ్చేదాకా పడవ కదలదు.

నడిపేవారి ఒంటికి తగిలించుకునే ఇంజిన్ ఆపుడు తాడును అలంకారం అనుకోకండి. 26 అడుగుల లోపు పడవలు వేగంగా వెళ్ళేటప్పుడు నడిపేవారు దాన్ని తప్పనిసరిగా వాడాలని అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి నియమం వచ్చింది. మీరుండే చోట నియమం లేకపోయినా నడిపేవాడు నీళ్ళలో పడితే పడవ ఆగకుండా గుండ్రంగా తిరుగుతూ అతని మీదికే వస్తుందన్న సంగతి మారదు.

జెట్ బోటులో ఇంజిన్ అరుగు ముందు, తలుపు కింద, మూసిన అరలో ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, కాబట్టి లీకైతే అది పైకి పోదు, ఆ అర అడుగున చేరి నిప్పు రవ్వ కోసం కాచుకుంటుంది. అందుకే ఇంజిన్ తిప్పే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ నడిపి అరలోని గాలిని బయటికి పంపమని అంటారు. అవుట్‌బోర్డ్‌కు ఈ తద్దినం లేదు. ముఖ్యంగా పెట్రోలు నింపిన వెంటనే ఆ నాలుగు నిమిషాలు దొంగిలించకండి.

ప్రకటనల్లో కనపడని తేడా మరొకటుంది. అమెరికా తీరరక్షక దళం నియమాల ప్రకారం 20 అడుగుల లోపు అవుట్‌బోర్డ్ పడవలో నీళ్ళు నిండినా అది బల్లపరుపుగా తేలాలి, లోపలివాళ్ళు పడవలోనే కూర్చోగలగాలి. ఇంజిన్ లోపల ఉండే పడవలకు మాత్రం అంత కఠినమైన నియమం లేదు. మునిగిపోకుండా తేలితే చాలు, ఏ వాలున తేలినా ఒప్పే. జెట్ బోటు ఈ రెండో వర్గంలోకి వస్తుంది. కొన్ని కంపెనీలు నియమం అడిగిన దానికంటే ఎక్కువగా, తేలడానికి పనికొచ్చే ఫోమ్ నింపుతాయి, కొన్ని నింపవు. ‘నీళ్ళు నిండితే ఏ వాలున తేలుతుంది’ అని అడగండి. ఈ ప్రశ్న చాలామంది అడగరు కాబట్టి, అమ్మే మనిషికి తన పడవ గురించి ఎంత తెలుసో కూడా తేలిపోతుంది.

లోతు తక్కువ నీళ్ళు, నాచు, ఇసుక

‘జెట్ కదా, ఎంత తక్కువ లోతైనా పరవాలేదు’ అనే మాట సగమే నిజం. పడవ వేగం అందుకుని నీటి మీదికి లేచి జారుతున్నప్పుడు అది నిజం. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిప్పడమంటే అడుగున ఉన్న ఇసుక మీద పీల్చే గొట్టం పెట్టడమే. అందుకే పడవ అడుగుకూ నేలకూ మధ్య 2 నుంచి 3 అడుగుల నీరు ఉంటే తప్ప ఇంజిన్ తిప్పవద్దని తయారీదారుల పుస్తకాలు చెబుతాయి. ఒడ్డుకు చేరేటప్పుడు ముందే ఇంజిన్ ఆపి, దిగి, పడవను చేత్తో లాక్కెళ్ళాలి. బయల్దేరేటప్పుడూ నడుము లోతుదాకా నెట్టుకెళ్ళి అప్పుడు తిప్పాలి.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఇంపెల్లర్ రెక్కల అంచుకూ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. ఇసుక ఆ సందును అరగదీస్తుంది, గులకరాయి రెక్క అంచును నొక్కుతుంది. సందు పెరిగితే నీరు వెనక్కి పోకుండా రెక్క చుట్టూ జారిపోతుంది. ఇంజిన్ గోల పెరిగి, పడవ వేగం మాత్రం పెరగకపోతే అనుమానించాల్సింది దీన్నే. పాత బోటు కొనేవాళ్ళు ఇంజిన్ గంటల మీటరు చూసి తృప్తిపడతారు. టార్చి తీసుకుని వెనక మూతిలోంచి, కింది కమ్మీల్లోంచి ఇంపెల్లర్ అంచులు చూడడం అంతకంటే ముఖ్యం. అంచులు నున్నగా ఉన్నాయా, రంపంలా ఉన్నాయా అన్నది ఆ పడవను ఎలా వాడారో చెప్పేస్తుంది.

ఇక నాచు. నాచు గుబురుగా ఉన్న చెరువుల్లో జెట్ బోటు నడపడం నాకైతే ఇష్టం ఉండదు. కమ్మీలకు నాచు అడ్డం పడితే పడవ గస పోస్తుంది. తాడు ముక్క చుట్టుకుంటే అక్కడికక్కడే నిలబడిపోతుంది. రెండు ఇంజిన్లున్నా రెండు నోళ్ళూ ఒకే నాచు మీదుగా పోతాయని మరచిపోకండి. యమహా బోట్లలో దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. వెనక అరుగులో చిన్న తలుపు తెరిచి, బిరడా లాంటి మూత తీస్తే, నేరుగా ఇంపెల్లర్ ముందు భాగానికి చెయ్యి పోతుంది. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, అరుగు మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దించి, వేళ్ళకు తగిలిన దాన్ని కొంచెం కొంచెంగా లాగాలి. పొడవాటి నాచు పోగులు జడలా అల్లుకుని వస్తాయి. ఈ వెసులుబాటు లేని బోటైతే నీళ్ళలోకి దిగి పడవ కిందికి వెళ్ళాల్సిందే. అలల్లో ఊగుతున్న పడవ కిందికి తల పెట్టడం ఎవరికీ మంచిది కాదు.

సెంటర్ కన్సోల్ ఎందుకు?

నడిపే చోటు పడవ మధ్యలో ఉండి, చుట్టూ నడిచే దారి ఉంటే దాన్ని సెంటర్ కన్సోల్ అంటారు. గాలం వేసేవాళ్ళ కోసం పుట్టిన ఏర్పాటు అది. చేప ఎటు పరుగెడితే గాలం పట్టుకుని అటు వెళ్ళాలి కాబట్టి అడ్డం ఏదీ ఉండకూడదు. కుటుంబాలకు ఇది నచ్చడానికి కారణం వేరు. పిల్లలు ముందున్నా వెనకున్నా నడిపేవారికి కనబడతారు. ఒకరినొకరు దాటడానికి తొక్కిసలాట ఉండదు. 20 అడుగులు దాటిన బోట్లలో కన్సోల్ లోపలి ఖాళీలో చిన్న మరుగుదొడ్డి కూడా పడుతుంది. రోజంతా నీటి మీద ఉండాలంటే దాని విలువ పెద్దవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను అడగాలి. కొనేటప్పుడు లోపలికి దూరి, తలుపు వేసుకుని, కూర్చుని చూడండి. చాలా వాటిలో పేరుకు గది, తీరుకు గూడు.

నీడ సంగతి మరువకండి. సెంటర్ కన్సోల్ అంటే నడినెత్తిన ఎండ. పైకప్పు నడిపేవారికి, పక్కన నిలబడ్డవారికి నీడ ఇస్తుంది కానీ ముందు కూర్చున్నవారికి ఇవ్వదు. ముందు సీట్లకు వీపు ఆనించుకునే ఏర్పాటు, పట్టుకోవడానికి కమ్మీ ఉన్నాయా చూడాలి. పడవ అంచు కనీసం మోకాలు దాటి రావాలి. దానికంటే తక్కువ ఎత్తుంటే ఒక అల చాలు, పిల్లవాడు అటు పడడానికి.

జెట్‌నూ సెంటర్ కన్సోల్‌నూ కలిపినవాళ్ళలో ముందు చెప్పాల్సింది యమహా. వాళ్ళ ఎఫ్ఎస్‌హెచ్ వరుసలో 195, 222, 255 లాంటి నమూనాలు వచ్చాయి. పేరులోని మొదటి రెండు అంకెలు పొడవును సుమారుగా అడుగుల్లో చెబుతాయి. రోటాక్స్ ఇంజిన్లతో స్కారాబ్ కూడా ఇలాంటి బోట్లు తయారు చేసింది. వీటిని చూస్తే చేపలవాడికీ ఈతగాడికీ కుదిర్చిన రాజీ కనబడుతుంది. రాజీ అన్నాక ఎవరో ఒకరు కొంత వదులుకోవాలి. ఇక్కడ వదులుకున్నది చేపలవాడు. వెనక అరుగు వెడల్పుగా ఉండడం వల్ల, అమరం నుంచి గాలం వేస్తే తీగ అరుగు అంచుకు రాసుకుంటుంది, చేప అరుగు కిందికి దూరుతుంది. నెమ్మదిగా తిరుగుతూ ఎర లాగాలంటే పడవ పాములా మెలికలు పోతుంది. ముందు భాగాన చిన్న విద్యుత్ మోటారు బిగించుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. అయినా వారంలో నాలుగు రోజులు చేపల కోసమే వెళ్ళే మనిషికి నేనైతే అవుట్‌బోర్డ్ బోటే చూపిస్తాను.

చప్పుడు, పెట్రోలు, అలలు

వాటర్ స్కూటర్లకు వాడే ఇంజిన్లే ఈ బోట్లకూ వాడతారు. యమహా ఏళ్ళ తరబడి వాడిన 1.8 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 7,000 చుట్లు దాటి తిరుగుతుంది. అవుట్‌బోర్డ్ పూర్తి వేగంలో కూడా సాధారణంగా 5,000, 6,000 దగ్గరే ఉంటుంది. పైగా అవుట్‌బోర్డ్ పడవ బయట ఉంటుంది, ఇది మీ సీటు కింద ఉంటుంది. పరుగెత్తేటప్పుడు మాటలు వినిపించాలంటే గొంతు పెంచాల్సిందే. దీన్ని పట్టించుకోనివాళ్ళూ ఉన్నారు, రెండో గంటకే తలనొప్పి వచ్చేవాళ్ళూ ఉన్నారు.

తక్కువ, మధ్యరకం వేగాల్లో జెట్ అదే బరువున్న ప్రొపెల్లర్ పడవ కంటే ఎక్కువ పెట్రోలు తాగుతుంది. వేగం బాగా పెరిగాక ఆ తేడా తగ్గుతుంది. దూరాలు వెళ్ళేవాళ్ళు ట్యాంకులో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగతా మూడోవంతు ముట్టుకోకుండా ఉంచడానికి అనే పాత లెక్కను ఇక్కడ ఇంకా గట్టిగా పాటించాలి. మరో గందరగోళం కూడా తీర్చేస్తాను. అవుట్‌బోర్డ్ కిందనే జెట్ పంపు బిగించిన మోటార్లు వేరు, పడవ లోపల ఇంజిన్ ఉన్న ఈ జెట్ బోట్లు వేరు. మొదటి రకంలో మోటారు బలంలో దాదాపు 30 శాతం పోతుందని లెక్క. ఆ అంకెను తెచ్చి వీటికి అంటగట్టకూడదు.

అలల్లో ఎలా ఉంటుందన్నది పడవ అడుగు ఆకారం మీద ఆధారపడుతుంది. అడుగు వి ఆకారంలో ఎంత కోసుగా ఉంటే అలను అంత మెత్తగా కోస్తుంది. రే హంట్ రూపొందించిన, సుమారు 24 డిగ్రీల లోతైన వి ఉన్న మాపీ అనే పడవ 1960 మయామీ-నస్సౌ పడవల పందెంలో గెలిచాకే ఈ ఆకారానికి పేరొచ్చింది. ఈ జెట్ బోట్లలో సాధారణంగా అంత కోసు ఉండదు. అడుగు పదునుగా ఉంటే ఆగినప్పుడు పడవ పక్కలకు ఊగుతుంది. అందుకే వీటిలో 20 డిగ్రీలు, అంతకంటే తక్కువ కనబడుతుంది. పెద్ద అల మీద అడుగు గాలిలోకి లేచినప్పుడు నోరు నీటికి బదులు గాలి మింగుతుంది, ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది, ముందుకు తోసే బలం పోతుంది. వెనక నుంచి తరుముకొచ్చే అలల్లో భయపడి థ్రాటిల్ తగ్గిస్తే ఇంకా కష్టం. సరిగ్గా స్టీరింగ్ కావలసిన క్షణంలో అది ఉండదు. సరస్సులు, వెడల్పాటి నదులు, ఉప్పుటేర్లు, అలలు చిన్నగా ఉన్న రోజున తీరం దగ్గరి సముద్రం, వీటికి ఈ బోటు బాగుంటుంది. తీరం కనబడనంత దూరం వెళ్ళే ఆలోచన ఉంటే దీన్ని పక్కన పెట్టండి.

పొడవు విషయంలో ఎక్కువసేపు ఆలోచించక్కర్లేదు. నలుగురు, ప్రశాంతమైన నీళ్ళు అయితే 19 అడుగుల ఒంటి ఇంజిన్ బోటు చాలు, తేలిగ్గా లాక్కెళ్ళవచ్చు. ఆరుగురు ఎక్కుతారంటే 22 అడుగులు, జంట ఇంజిన్లు. పడవ మీద రాసి ఉండే మనుషుల సంఖ్య మునగకుండా మోసే లెక్క, హాయిగా కూర్చునే లెక్క కాదు. అందులోంచి ముగ్గుర్ని తీసేయండి. జంట ఇంజిన్ల వల్ల ఒకటి చెడితే రెండోదానితో ఇల్లు చేరతారు. రేవులో ఒకదాన్ని ముందుకు, ఇంకోదాన్ని వెనక్కి పెట్టి పడవను ఉన్నచోటే తిప్పవచ్చు. ఖర్చులు కూడా జంటగానే వస్తాయి.

ఉప్పునీళ్ళ తర్వాత

అవుట్‌బోర్డ్‌ను పని అయ్యాక నీటి పైకి లేపి ఉంచవచ్చు. జెట్ గొట్టం పడవలో భాగం, అది నీళ్ళలోనే ఉంటుంది. వారాల తరబడి రేవులో కట్టేస్తే గొట్టం లోపల గుల్లలు, పాచి పట్టి పంపు పనికిరాకుండా పోతుంది. కాబట్టి ట్రైలర్ మీదైనా, పడవను పైకెత్తే లిఫ్టు మీదైనా ఉంచే వీలు లేనివాళ్ళకు ఈ బోటు వద్దు.

యమహా ఇంజిన్లు చల్లబడేది బయటి నీటితోనే. పంపు తెచ్చిన ఉప్పునీరే ఇంజిన్ చుట్టూ తిరుగుతుంది. రోటాక్స్‌లో కారులా లోపలే తిరిగే కూలెంట్ ఉంటుంది. ఏదైనా సరే, సముద్రం నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడగాలి. బయటి నీటితో చల్లబడే ఇంజిన్లను కడగడంలో వరుస తప్పితే ఇంజిన్ పోతుంది. ముందు ఇంజిన్ తిప్పాలి, ఆ తర్వాతే గొట్టం నీళ్ళు వదలాలి. ముగించేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి, ఆ తర్వాత ఇంజిన్ ఆపాలి. ఇంజిన్ ఆగి ఉండగా నీళ్ళు వస్తుంటే అవి బయటికి పోయే దారి లేక పొగ గొట్టం గుండా సిలిండర్లలోకి చేరతాయి. నీళ్ళు లేకుండా ఎక్కువసేపు తిప్పినా ప్రమాదమే, కొన్ని సెకన్లకు మించకూడదు. నేను ఈ వరుసను ఒక చీటీ మీద రాసి ఇంజిన్ తలుపు లోపలివైపు అంటించాను. ఎన్నిసార్లు చేసినా అలసిపోయి వచ్చిన సాయంత్రం ఏది ముందో ఒక క్షణం తడబాటు వస్తుంది.

కొనే ముందు నీటి మీదకు తీసుకెళ్ళమని అడగండి, ఒక్కరే కాదు, ఇంటివాళ్ళందరినీ ఎక్కించుకుని. ఖాళీ పడవ ఎప్పుడూ మంచిదే. గాలి వీస్తున్న పూట ఎంచుకోండి. రేవులోకి మూడుసార్లు మీరే తీసుకురండి. పరుగెత్తే వేగంలో ముందు కూర్చున్నవారితో మాట్లాడి చూడండి. ఒకసారి ఆపి, పెద్దవాళ్ళను నీళ్ళలోకి దింపి, నిచ్చెన మీదుగా ఎక్కమనండి. నిచ్చెన మెట్లు నీటి కిందికి రెండు మూడైనా దిగకపోతే, తడిసిన బట్టలతో ఒంటి బరువు లాక్కోవడం ఎవరి వల్లా కాదు. తిరిగి వచ్చాక, సంతకం పెట్టే ముందు, వెనక అరుగు మీద బోర్లా పడుకుని ఆ చిన్న తలుపులోంచి చెయ్యి దించి చూడండి. ఇంపెల్లర్ దాకా మీ చెయ్యి అందకపోతే, ఇంట్లో ఎవరి చెయ్యి అందుతుందో అప్పుడే తేల్చుకోండి.